తల ముప్పై ఏళ్లు కోటకు వేలాడింది, పాట ఎయిర్‌పోర్ట్ దాకా వచ్చింది

కర్నూలు నుంచి నంద్యాల రోడ్డు పట్టుకుంటే ఓర్వకల్లు దగ్గర ఎయిర్‌పోర్ట్ వస్తుంది. 2021 మార్చి 25న ఓపెన్ చేశారు. దాని పేరు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి విమానాశ్రయం. మనకిప్పుడు ఆ పేరు మామూలుగానే అనిపిస్తుంది, సినిమా వచ్చింది కదా, చిరంజీవి వేశాడు కదా అని. కానీ ఒక్కసారి ఆలోచించండి. ఈయన్ని 1847లో ప్రభుత్వమే ఉరి తీసింది. సర్కారు కాగితాల్లో ఈయన తిరుగుబాటుదారు, ఖజానా దోచినోడు. ఉరి తీసినాక తలను కోయిలకుంట్ల కోటకు వేలాడదీశారు. 1877 దాకా అది అట్లే ఉందని చెప్తారు. ముప్పై ఏళ్లు! అంటే ఉరి చూసిన పిల్లోడు పెద్దవాడై, పెళ్లై, వాడి పిల్లలు కూడా ఆ తలను చూస్తూ పెరిగారన్నమాట.

అట్లాంటి మనిషి పేరు ఎయిర్‌పోర్ట్ బోర్డు మీదికి ఎట్లా ఎక్కింది? మధ్యలో నూటడెబ్భై ఏళ్లకు పైగా ఉన్నాయి. అందులో ఎక్కువ భాగం పేపర్ లేదు, రేడియో లేదు, చదువొచ్చినోళ్లే తక్కువ. మోసుకొచ్చింది ఒక పాట. ఈ రోజు ఎపిసోడ్ ఆ పాట గురించి, ఆ పాట లాంటి పాటల గురించి, వాటిని పాడినోళ్లకు ఏం మిగిలిందనే దాని గురించి.

అమెరికావాళ్లు కంట్రీ మ్యూజిక్ అంటారు. టోపీ, గిటార్, గుర్రం, హైవే మీద లారీ. మనం పాడ్‌కాస్టుల్లో దాని చరిత్ర విని అబ్బా ఎంత గొప్పగా దాచుకున్నారో అనుకుంటాం. మన కంట్రీ మ్యూజిక్‌కు మాత్రం జానపదం అని పేరు పెట్టి ఆగస్టు 15కు స్కూల్ స్టేజీ మీద పిల్లలతో డ్యాన్స్ చేయించి వదిలేస్తాం. నేను కూడా బీటెక్ అయ్యేదాకా జానపదం అంటే కాలేజ్ డే ఐటమ్ అనే అనుకున్నా. అది రాజకీయం అని నాకు ఎవరూ చెప్పలేదు.

సరే, కథలోకి పోదాం. 1800లో నిజాం మన జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. దత్త మండలాలు అన్నారు. థామస్ మన్రో కలెక్టర్‌గా వచ్చాడు. అన్నట్టు ఈ మన్రో తర్వాత మద్రాసు గవర్నరై, 1827లో కలరా వచ్చి చచ్చిపోయింది మన పత్తికొండలోనే. అప్పటిదాకా ఊళ్లను ఏలుతున్న పాలెగాళ్ల సైన్యాలు, కోటలు కంపెనీ తీసేసింది. బదులుగా నెలనెలా భరణం, అంటే పెన్షన్. నరసింహారెడ్డి ఈ పాలెగాళ్ల వంశంలోనివాడు. ఆయనకొచ్చే భరణం నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. వంశంలో ఇంకో శాఖకు వారసులు లేకపోయేసరికి, వాళ్ల భరణం తనకు రావాలని అడిగాడు. కంపెనీ ఇవ్వలేదు.

ఇక్కడ సినిమా చూసినోళ్లు కొంచెం డిసప్పాయింట్ అవుతారు. ఏంది, పెన్షన్ గొడవా అని. ఆయన సొంత గొడవ అదే, దాచాల్సిన పని లేదు. కానీ ఆయన వెనక వేలమంది ఎందుకొచ్చారు? వాళ్లకెవరికీ పాలెగాడి భరణంతో పని లేదు. అసలు విషయం కట్టుబడి మాన్యాలు. ఊరికి కాపలా కాసే కట్టుబడివాళ్లకు జీతం బదులు భూమి ఉండేది. కంపెనీ ఆ భూముల మీద చెయ్యేసింది. కాపలావాడి తిండి పోయింది. ఒకరి భరణం, ఇంకొకరి మాన్యం, ఈ రెండు కోపాలు కలిశాయి. 1846 జూలైలో కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డారు. తహసీల్దారును చంపారు. రెండు మూడు నెలలు నల్లమల, ఎర్రమల కొండల్లో కంపెనీ సైన్యం వాళ్ల వెంట తిరిగింది. అక్టోబర్‌లో దొరికాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో అందరూ చూస్తుండగా ఉరి. వందలమంది మీద కేసులు, చాలామందికి ఏళ్ల తరబడి జైలు.

ఇప్పుడు కంపెనీ వైపు నుంచి చూడండి. వాళ్లకు కావాల్సింది ఒకటే, ఈ పేరు ఎవరి నోటా రాకూడదు. అందుకే తల వేలాడదీసింది. అది వాళ్ల బ్యానర్. తిరగబడితే ఇదీ గతి అని చదువు రానోడికి కూడా అర్థమయ్యేలా పెట్టిన నోటీసు. ఆ నోటీసు కింద నుంచే ఎద్దులబండ్లు పోయేవి, సంతకు జనం పోయేవారు. వాళ్లలో కొందరు పాడుకుంటూ పోయారు. సైరా నరసింహారెడ్డి అనే ఆ పాట కోలాటంలో, తంబుర కథల్లో, అడుక్కునేవాళ్ల గొంతుల్లో రేనాడంతా తిరిగింది. తల ఎండకు ఎండి, వానకు నాని, ముప్పై ఏళ్లకు పోయింది. పాట పోలేదు. తంగిరాల వెంకటసుబ్బారావు గారు తెలుగు వీరగాథల మీద పరిశోధన చేసినప్పుడు ఇట్లాంటి పాటలన్నీ పాడేవాళ్ల దగ్గర నుంచే రాసుకున్నారు. నోటి నుంచి కాగితానికి రావడానికే వందేళ్ల పైన పట్టింది.

నాకు ఈ కథలో బాగా నచ్చేది ఇంకోటి ఉంది. ఇదే ఉయ్యాలవాడలో ఇంకో మనిషికి కూడా పాట ఉంది. బుడ్డా వెంగళరెడ్డి. 1866లో కరువొచ్చినప్పుడు తన ధాన్యం గాదెలు తెరిచి, నెలల తరబడి రోజూ వేలమందికి అన్నం పెట్టించాడు. విక్టోరియా రాణి ఆయనకు బంగారు పతకం పంపింది. గమనించండి, ఒకే ఊరు, మధ్యలో ఇరవై ఏళ్లే తేడా. ఒకరిని తెల్లదొరలు ఉరి తీశారు, ఇంకొకరికి తెల్లదొరల రాణి మెడల్ ఇచ్చింది. జనం ఇద్దరికీ పాట కట్టారు. తంగిరాల వారు ఈ ఇద్దరినీ కలిపి రేనాటి సూర్యచంద్రులు అన్నారు. మనం ఇప్పుడు ఎవరు దేశభక్తుడు, ఎవరు కాదని రీల్స్‌లో కొట్టుకుంటాం గానీ, ఆ పాటగాళ్లు చూసింది వేరే. కష్టంలో ఎవడు నిలబడ్డాడు అనే చూశారు. సర్కారు ఇచ్చింది ఉరా, మెడలా అన్నది వాళ్ల లెక్కలో లేదు.

ఈ పాటలు రాజకీయంలోకి ఎప్పుడొచ్చాయి అంటే, మొదటి నుంచీ రాజకీయమే. కాకపోతే పార్టీలు దాన్ని కనుక్కున్నది 1940లలో. బుర్రకథ మీరు చూసే ఉంటారు. మధ్యలో తంబుర పట్టుకుని కథ చెప్పేవాడు, అటూ ఇటూ డక్కీలతో ఇద్దరు వంతలు. ఇద్దరిలో ఒకరిది హాస్యం. రెండోవాడిది ఏమంటారో తెలుసా? రాజకీయం! అంటే పాత కథ నడుస్తుంటే మధ్యలో ఆపి, ఇప్పుడు మన ఊళ్లో జరిగేది కూడా ఇదే కదా అని అడిగే పని వాడిది. ఒక మెయిన్ హోస్ట్, ఇద్దరు కో-హోస్ట్‌లు, ఒకడు జోకులు, ఇంకొకడు కరెంట్ అఫైర్స్. ఇప్పుడు మేమంతా మైకులు పెట్టుకుని చేస్తున్న ఫార్మాట్ ఇదే, కొత్తగా కనిపెట్టిందేమీ లేదు.

కమ్యూనిస్టులు ఈ రాజకీయం వంత విలువ బాగా పసిగట్టారు. 1943లో ప్రజానాట్యమండలి పెట్టారు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ అనే కుర్రాడు బుర్రకథకు మొత్తం ఆంధ్రలో పేరు తెచ్చాడు. పల్నాటి యుద్ధం చెప్పినా, అల్లూరి సీతారామరాజు చెప్పినా జనం వేలల్లో వచ్చేవారు. మద్రాసు ప్రభుత్వానికి చెమటలు పట్టాయి. అప్పట్లో సుంకర, వాసిరెడ్డి రాసిన మా భూమి నాటకాన్ని నిషేధించారు, కళాకారుల వెంట పోలీసులు పడ్డారు. పాటకు, ఆటకు సర్కారు భయపడటమంటే అదే అసలైన రేటింగ్. అదే నాజర్‌కు 1986లో పద్మశ్రీ ఇచ్చారు. నిన్న నిషేధం, నేడు పతకం. కోయిలకుంట్ల కోటకూ ఎయిర్‌పోర్ట్‌కూ మధ్య జరిగింది కూడా ఇదే కదా, కాకపోతే అక్కడ ఎక్కువ టైం పట్టింది.

తెలంగాణలో ఇది ఇంకా పెద్దగా నడిచింది. సాయుధ పోరాటం రోజుల్లో బండి యాదగిరి దొరల మీద కట్టిన బండెనక బండి కట్టి పాటను, గౌతమ్ ఘోష్ తీసిన మా భూమి సినిమాలో గద్దర్ పాడాడు. ఆ నాటకం, ఈ సినిమా పేరు ఒకటే గానీ కథలు వేరు. గద్దర్ అసలు పేరు గుమ్మడి విఠల్ రావు. గోచీ, గొంగడి, చేతిలో కర్ర. 1997 ఏప్రిల్‌లో ఇంటి దగ్గరే కాల్చారు, బతికాడు, ఒక బుల్లెట్ చివరిదాకా ఒంట్లోనే ఉంది. ఎన్నికలే బూటకం అన్న ఉద్యమం నుంచి వచ్చిన ఆ మనిషి 2018లో మొదటిసారి ఓటేశాడు. 2023 ఆగస్టులో చనిపోయాడు. ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వం సినిమా అవార్డులకు నంది పేరు తీసేసి గద్దర్ పేరు పెట్టింది. 2025లో మొదటిసారి ఇచ్చారు కూడా.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం వచ్చేసరికి పాటే పార్టీ ఆఫీసు. ధూంధాం స్టేజీలు ఎక్కిన రసమయి బాలకిషన్ 2014లో మానకొండూరు ఎమ్మెల్యే. గోరటి వెంకన్న ఎమ్మెల్సీ, తర్వాత కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు. బడికి పోని అందెశ్రీ రాసిన జయజయహే తెలంగాణ 2024లో రాష్ట్ర గీతం. ఇది ఒక్క మన దగ్గరే జరిగిందనుకోకండి. అమెరికాలో లూసియానా రాష్ట్రంలో జిమ్మీ డేవిస్ అనే కంట్రీ సింగర్ ఉండేవాడు. 1944 ఎన్నికల్లో సభల్లో యు ఆర్ మై సన్‌షైన్ అనే తన హిట్ పాట పాడుకుంటూ తిరిగి గవర్నర్ అయిపోయాడు. 1960లో మళ్లీ గెలిచాడు. తర్వాత ఆ పాటను రాష్ట్ర గీతాల్లో ఒకటి చేశారు. అయితే డేవిస్ రెండోసారి గెలిచింది స్కూళ్లలో నల్లవాళ్లను, తెల్లవాళ్లను కలపనివ్వను అని చెప్పి. తియ్యని పాట, చేదు పాలిటిక్స్. పల్లె పాట ఎప్పుడూ పేదోడి పక్కనే ఉంటుందని ఎవరన్నా అంటే నేను వెంటనే ఒప్పుకోను. పాట ఎవడి చేతిలో మైక్ ఉంటే వాడితో పోతుంది.

ఆ అమెరికా కథలోనే ఇంకో ముక్క ఉంది, ఇది మనకు బాగా పనికొస్తుంది. 1927లో రాల్ఫ్ పీర్ అనే రికార్డు కంపెనీ మనిషి బ్రిస్టల్ అనే చిన్న ఊళ్లో మిషన్లు పెట్టుకుని కూర్చున్నాడు. కొండల్లోంచి జనం వచ్చి పాడారు. అందులో ఒకటి కార్టర్ ఫ్యామిలీ. కంట్రీ మ్యూజిక్ పుట్టిల్లు అంటే ఇప్పటికీ ఆ ఊరి పేరే చెప్తారు. ఆ ఇంటి పెద్ద ఏ.పి. కార్టర్ తర్వాత ఊరూరా తిరిగి పాత పాటలు సేకరించాడు. ఆయనకు రాగాలు త్వరగా గుర్తుండేవి కావు. అందుకని వెంట లెస్లీ రిడిల్ అనే నల్లజాతి గిటారిస్టును తీసుకుపోయేవాడు. మాటలు కార్టర్ రాసుకుంటే, రాగం రిడిల్ పట్టుకునేవాడు. రికార్డు మీద పేరు, కాపీరైటు, డబ్బులు ఎవరికి వెళ్లాయో నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మన ఓర్వకల్లుకు తిరిగొద్దాం. 2019 అక్టోబర్ 2న సైరా సినిమా రిలీజ్ అయింది. రిలీజ్‌కు ముందు నరసింహారెడ్డి వంశస్థులమని కొందరు, మా పూర్వీకుడి కథ వాడుకున్నారు, మాకు రావాల్సింది ఇవ్వండని నిర్మాతలతో గొడవపడి కోర్టుకు కూడా వెళ్లారు. వాళ్ల వాదన సరైందా కాదా నేను తేల్చను. నేనడిగేది వేరే. ఆ సినిమాకు పేరు ఎక్కడి నుంచి వచ్చింది? వంశం నుంచి రాలేదు, పాట నుంచి వచ్చింది. ఆ పాటను అన్నేళ్లు మోసినవాళ్ల వంశస్థులు ఎవరన్నా కోర్టుకు వెళ్లారా? వెళ్లలేరు. వాళ్లెవరో రాసి ఉన్న కాగితమే లేదు.

నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినప్పుడు ప్రతి లైన్ కోడ్‌కు ఎవరు రాశారు, ఎప్పుడు మార్చారు అని హిస్టరీ ఉండేది. ఓపెన్ సోర్స్ అయినా సరే, ఫ్రీగా వాడుకో కానీ నా పేరు తీసేయకు అనే రూల్ ఉంటుంది. జానపదం కూడా ఓపెన్ సోర్సే. కానీ కమిట్ హిస్టరీ మొత్తం డిలీట్ చేసిన ఓపెన్ సోర్స్. ఎవరైనా పాట తీసుకుని బీట్ కలిపి ఛానల్‌లో వేస్తే, అప్‌లోడ్ చేసినవాడే ఓనర్. 2021లో సారంగ దరియా పాట వచ్చినప్పుడు, అది ఎవరిది, మొదట ఎవరు పాడారు అని పెద్ద రచ్చ అయింది గుర్తుందా? ఆ మాత్రం రచ్చ జరగడం మంచిదే అని నా అభిప్రాయం. కనీసం అడిగేవాళ్లు ఉన్నారు.

తెలంగాణలో పాటగాడికి పదవి వచ్చింది, మన సీమలో పాటలోని హీరోకు ఎయిర్‌పోర్ట్ వచ్చింది గానీ పాటగాడికి ఏమీ రాలేదు. ఎందుకు? నాకు తోచింది చెప్తా. అక్కడ పాడినవాడే తన కథ పాడాడు, తన దొర మీద పాడాడు, స్టేజీ మీద తనే నిలబడ్డాడు. ఇక్కడ పాడినవాడు పాలెగాడి కథ పాడాడు, దాత కథ పాడాడు. కట్టుబడివాళ్ల మాన్యం పోయిన సంగతి పాటలో పక్కకు జరిగి, గుర్రమెక్కిన రెడ్డి ముందుకొచ్చాడు. అందుకే పార్టీలకు, సినిమాకు అది ఈజీగా సరిపోయింది. హీరోను తీసుకుపోయారు, కోరస్‌ను వదిలేశారు.

మా పక్క, అంటే ఎమ్మిగనూరు, ఆదోని, ఆలూరు వైపు సంగతి ఇంకా వేరు. మాది 1953 అక్టోబర్ 1 దాకా కర్నూలు జిల్లా కూడా కాదు, బళ్లారి జిల్లా. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి. అందుకే మా అవ్వల పాటల్లో సగం మాట తెలుగు, సగం కన్నడం. పీర్ల పండుగకు హిందువులు, ముస్లింలు కలిసి గుండం చుట్టూ తిరుగుతూ పాడతారు. చెక్కభజన ఉంది, కోలాటం ఉంది. ఇవి తెలంగాణ ఛానళ్లకు తెలీదు, కోస్తా ఛానళ్లకు అసలే తెలీదు. గుత్తి దగ్గర తండాలో పుట్టిన మంగ్లీకి పేరొచ్చింది కూడా బతుకమ్మ, బోనాల పాటలతోనే. తప్పని అనట్లేదు, మార్కెట్ అక్కడుంది.

మా ఊళ్లలో పాటకు పెద్ద దెబ్బ ఫోన్ వల్ల తగల్లేదు, సుగ్గి వల్ల తగిలింది. సుగ్గి అంటే కన్నడంలో కోతల కాలం, మా దగ్గర దానర్థం వలస. వాన లేని ఏడు కోసిగి, పెద్దకడబూరు, మంత్రాలయం వైపు ఊళ్లకు ఊళ్లే తాళాలేసుకుని గుంటూరు మిరపతోటలకు, పత్తి చేలకు పోతాయి. పిల్లల్ని కూడా వెంట తీసుకుపోతారు. పాట నేర్చుకునేది ఎప్పుడు? పంట ఇంటికొచ్చినాక, రాత్రిపూట, ఊరంతా ఒకచోట ఉన్నప్పుడు. ఆ నెలల్లోనే ఊరు ఖాళీ. నేర్పే అవ్వ ఒక్కతే ఇంటి ముందర కూర్చుని ఉంటుంది.

ఇంక బుడగ జంగాలు. తరతరాలుగా తంబుర, డక్కీ పట్టుకుని కథలు చెప్పింది వీళ్లే. బుర్రకథ వీళ్ల చేతుల్లోంచి వచ్చిందే, పార్టీలు వాడుకున్న ఆ ఫార్మాట్ వీళ్ల ఇంటి ఆస్తి. మా దగ్గర నుంచి నాగలదిన్నె బ్రిడ్జి మీద తుంగభద్ర దాటితే తెలంగాణ, గద్వాల వైపు. ఎస్సీ జాబితాలో బేడ జంగం, బుడగ జంగం అనే పేరు పక్కన కొన్ని జిల్లాల పేర్లు రాసి ఉంటాయి. హైదరాబాద్, మహబూబ్‌నగర్, వరంగల్ లాంటివి, అన్నీ తెలంగాణ జిల్లాలే. కర్నూలు లేదు. అంటే బ్రిడ్జికి అటువైపు బుడగ జంగం పిల్లోడు ఎస్సీ, ఇటువైపు వాడి మేనమామ కొడుకు కాదు. అదే కథ, అదే తంబుర, మధ్యలో ఒక ఏరు. సర్టిఫికెట్ల కోసం వీళ్లు ఏళ్ల తరబడి కర్నూలులో, ఆదోనిలో ధర్నాలు చేస్తూ వచ్చారు. 2019లో రాష్ట్ర ప్రభుత్వం జె.సి. శర్మతో ఏకసభ్య కమిషన్ వేసింది. ఎలక్షన్ వస్తే ప్రతి పార్టీ ప్రచార బండి మీదా వీళ్ల బాణీ మోగుతుంది, స్పీకర్లు పగిలేలా. డిగ్రీ సీటుకు అప్లై చేసే రోజు మాత్రం ఏ కాలమ్‌లో టిక్ పెట్టాలో ఆ పిల్లోడికి తెలీదు.

లాస్ట్‌గా ఒక పని చెప్తా. ఈసారి సుగ్గికి పోయినోళ్లు తిరిగొచ్చినప్పుడో, పీర్ల పండుగకో ఊరికి పోతే ఎవరైనా పాడుతుంటే ఫోన్ తియ్యండి, కానీ ముప్పై సెకన్ల రీల్ కోసం కాదు. పాట మొత్తం రికార్డ్ చెయ్యండి, మధ్యలో దగ్గినా కట్ చెయ్యకండి. పాట అయినాక మూడు ప్రశ్నలు అడిగి, అవి కూడా అదే ఫైల్‌లో రికార్డ్ చెయ్యండి. నీ పేరేంది అవ్వా? మీది ఏ ఊరు? ఈ పాట నీకు ఎవరు నేర్పించినారు? మూడో ప్రశ్నకు జవాబు చెప్పేటప్పుడు చాలామంది కాసేపు ఆగి ఆలోచిస్తారు, అప్పుడు స్టాప్ బటన్ నొక్కకండి.